చప్పుడని తీసేసిన రాగి పళ్ళెం

లుత్ఫ్‌కు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ సంగతి సనా నగరపు పాతబస్తీ మొత్తంలో అతని భార్య తఖియ్యా ఒక్కదానికే తెలుసు. మిగతా లోకం అతన్ని నెమ్మదస్తుల కింద జమకట్టేసింది. రేడియోలో టేపుల గది చూసుకున్నన్నాళ్ళూ పైవాళ్ళు ఏమన్నా "సరేనండీ" అని తలాడించేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, కుతకుతలాడే సల్తా పులుసు రాతిగిన్నె ముందు కూర్చుని, రొట్టె తుంచి ముంచుకుంటూ ఒక్కో ముక్కకూ ఒక్కో అధికారిని నమిలేవాడు.

"నశ్వాన్ నాన్నా, ఆ ముక్కలో ఎవరున్నారు?" అని అడిగేది తఖియ్యా.

"కార్యక్రమాల పెద్ద."

"అయితే బాగా నమలండి. అరక్కపోతే సాయంత్రం నా మీద పడతారు."

అవన్నీ చిల్లర కోపాలు. నమిలితే నలిగేవి. మింగుడుపడని కోపం ఒక్కటే ఉండేది అతనికి. అది రాగి పళ్ళెం గురించి.

పాడే మనిషి ఆ పళ్ళేన్ని రెండు బొటనవేళ్ళ మీద నిలుపుకుంటాడు. మిగిలిన ఎనిమిది వేళ్ళూ దాన్ని అంచున కాసేపు, నడుమ కాసేపు తాకుతుంటాయి. కొట్టడం అనకూడదు దాన్ని. తొలకరిలో మొదటి నాలుగు చినుకులు రేకు మీద పడితే ఎలా ఉంటుందో అంతే. తలుపులు వేసి, కిటికీలు బిగించి, కూర్చున్నవాళ్ళు దగ్గు ఆపుకుంటే తప్ప వినబడదు. కానీ వినబడ్డాక, అది లేని పాట కాలు తీసేసిన మంచంలా తోస్తుంది. ఎందుకంటే సనా పాట మొదటి నడక కుంటినడక. ఒక అడుగు పొడవు, ఒక అడుగు పొట్టి. ఆ కుంటుకు ఊతకర్ర పళ్ళెమే.

పాట బయటికి వినబడితే కొరడా దెబ్బలేనని చెప్పుకున్న, ఇమాములు రాజ్యమేలిన రోజుల్లో, లుత్ఫ్ తాత ఇంట్లో పాటకు ముందు కిటికీ సందుల్లో పరుపులు కూరేవారట. ఆ రోజులు పోయాయి. రేడియో వచ్చింది. ఇక పరుపులు తీసేయొచ్చని పాడేవాళ్ళు సంబరపడ్డారు. ఒకనాడు ఉస్తాద్ ముతహ్హర్ పళ్ళెం చంకన పెట్టుకుని రేడియో మెట్లెక్కి వచ్చాడు. అప్పటి కార్యక్రమాల పెద్ద రెండు చరణాలు విని అద్దం వెనక నుంచి చెయ్యి ఊపాడు.

"గొంతు బాగుంది. ఆ టింగుటింగులేమిటి? వంటింట్లో గిన్నెలు తోముతున్నట్టు. అది పక్కన పెట్టి పాడమనండి, వెనక వయొలిన్లు వేయిద్దాం."

ముతహ్హర్ పళ్ళేన్ని మళ్ళీ చంకన పెట్టుకున్నాడు. తెచ్చిన టీ తాగలేదు. మెట్లు దిగి వెళ్ళిపోతున్నవాడి వెంట టేపుల గది కుర్ర ఉద్యోగి లుత్ఫ్ వీధి మలుపు దాకా పరిగెత్తాడు. ఏం చెప్పాలో తోచక, "మా తాత ఇంట్లో పరుపులు కూరేవారండీ" అన్నాడు. ముతహ్హర్ నిలబడి అతన్ని ఎగాదిగా చూసి, "అయితే పద, మీ ఇంటికెళ్ళి పాడతా" అన్నాడు. స్నేహం అక్కడ మొదలైంది. ఆ తర్వాత ముతహ్హర్ ఏ రేడియోకూ పాడలేదు.

జీతాలు ఆగిపోయి, టేపుల గదికి తాళం పడి, లుత్ఫ్ గడ్డం తెల్లబడ్డాక ఇంటర్నెట్టు అనే కొత్త దారి కనబడింది. తాయిజ్ నుంచి వెళ్ళి కైరోలో స్థిరపడ్డ వద్దాహ్ అనే కుర్రవాడికి పాటలు నెట్టులో వినిపించే పనే వృత్తి. పాత పాటల మీద మక్కువ కొద్దీ లుత్ఫ్‌కు ఒక ప్రసారం ఏర్పాటు చేసిపెట్టాడు. ఉత్త ఫైలు పెట్టి ఎవరికి కావాలంటే వాళ్ళు దింపుకోమంటే సరిపోదా అని అతనంటే లుత్ఫ్ ఒప్పుకోలేదు. గురువారం పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక ఊరూరా జనం మేడ మీది మఫ్రజులనే కూటపు గదుల్లో దిండ్లకు ఆనుకుని ఖాత్ ఆకు బుగ్గన పెట్టుకునే వేళకు, అందరి గదుల్లోనూ ఒకేసారి ముతహ్హర్ కూర్చుని పాడినట్టుండాలి. అదీ అతని కోరిక. దానికి ముతహ్హర్‌ను ఒప్పించడానికి ఏడాది పట్టింది.

"పళ్ళెంతో సహానా?" అని ఒకటికి పదిసార్లు అడిగాడు ముసలాయన.

"పళ్ళెంతో సహా, ఉస్తాద్."

లుత్ఫ్ మేడ మీది గదిలో కొన్ని పాటలు రికార్డయ్యాయి. పెద్దవి, నెమ్మదిగా మొదలై గాలివానలా ముగిసే వరస పాటలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటి మాటలు తెలిసినవాళ్ళు ఊళ్ళో దొరుకుతారు. వాటి పళ్ళెం తెలిసినవాడు ముతహ్హర్ ఒక్కడే. ఆయన శనివారం శనివారం వచ్చి ఒక్కొక్కటీ ఇస్తానన్నాడు.

ప్రసారం మొదలైన కొత్తలో పాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. గమ్‌దాన్ అనే ధాన్యం వ్యాపారి మఫ్రజ్‌లో లుత్ఫ్ వెళ్ళే గురువారపు కూటం జరుగుతుంది. నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదనిపించుకున్న మనిషి. ఫోను స్పీకరుకు తగిలించి, పాట ఆగినప్పుడల్లా వెక్కిరించేవాడు.

"ఏమయ్యా లుత్ఫ్, మన ఉస్తాద్‌కు నత్తి ఎప్పటి నుంచి? 'ఓ నా ప్రి' అన్నాడు, ఆగాడు. ప్రియురాలా, ప్రియమైన మేకపిల్లా? నేను ఎవరి కోసం నిట్టూర్చాలి?"

కూటమంతా నవ్వింది. లుత్ఫ్ ఇంటికొచ్చి వద్దాహ్‌కు ఫోను చేశాడు. "ఏం చేస్తావో నాకు తెలీదు నాయనా. ముక్కలు కాకూడదు."

"నాకొదిలెయ్ అన్నా. వచ్చే గురువారం వెన్నలా జారుతుంది."

జారింది. నిజంగానే వెన్నలా జారింది. ఆ గురువారం ముతహ్హర్ స్వయంగా గమ్‌దాన్ కూటానికి వచ్చి, గోడవార పెద్దల చోట కూర్చున్నాడు. ఫోనులోంచి తన గొంతు లేచేసరికి కళ్ళు మూసుకున్నాడు. మోకాలి మీద ఆయన వేళ్ళు కదలడం మొదలైంది. కాసేపటికి తడబడ్డాయి. వెతుక్కున్నాయి. ఆగిపోయాయి.

లుత్ఫ్ ముందు గమ్‌దాన్ స్పీకరును అనుమానించాడు. లేచి వెళ్ళి చెవి ఆనించాడు. గొంతు ఉంది, తేనెలా ఉంది. గొంతు వెనక ఏమీ లేదు. ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయినంత ఏమీ లేదు. చరణానికీ చరణానికీ నడుమ పళ్ళెం ఒంటరిగా మాట్లాడే చోట నల్లటి నిశ్శబ్దం.

"వాహ్!" అని తొడ చరిచాడు గమ్‌దాన్. "ఒక్కచోట తెగలేదు. ఇదీ ప్రసారమంటే!"

"పళ్ళెం?" అన్నాడు లుత్ఫ్.

"ఏ పళ్ళెం?"

"పాటలో పళ్ళెం ఏదీ?"

గమ్‌దాన్ తల వంచి విన్నాడు. "ఉందిగా." మళ్ళీ విన్నాడు. "లేదా? ఏమో, ఉన్నట్టే అనిపించింది. అయినా తెగకుండా వస్తోంది కదయ్యా, ఇంకేం కావాలి నీకు?"

మిగతావాళ్ళూ అవునన్నట్టు ఆకు నములుతూ తలాడించారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పళ్ళెం విన్నవాళ్ళు వాళ్ళంతా. లుత్ఫ్ చెవులు వేడెక్కాయి. చెప్పవలసినంత చెప్పాలనుకున్నాడు, గొంతు దిగిపోయింది.

పాట అయ్యాక ముతహ్హర్ శాలువ సర్దుకుని లేచాడు. గుమ్మం దగ్గర లుత్ఫ్ భుజం మీద చెయ్యి వేసి, "మంచి పని చేశావు నాయనా" అన్నాడు. "చాలా మర్యాదగా చేశావు."

ఆ మాట అర్థం కావాలంటే ఆ కూటం పద్ధతి ఒకటి తెలియాలి. వయసు మళ్ళిన పాటగాడికి చెయ్యి తప్పినా గొంతు తప్పినా అక్కడ ఎవరూ పైకి అనరు. ఇంటాయన ఉక్కగా ఉందని ఒక కిటికీ రెక్క తీయిస్తాడు. వీధి రొద లోపలికొస్తుంది. పళ్ళెం దానంతట అదే మునిగిపోతుంది. పాటగాడు సంగతి గ్రహించి నవ్వుతూ పక్కన పెట్టేస్తాడు. ఎవరి పరువూ పోదు. ముతహ్హర్ ఎడమ చెయ్యి ఎండాకాలం నుంచీ వణుకుతోంది. అందరూ చూశారు. లుత్ఫ్ అందరికన్నా దగ్గరగా, మైకు పక్కనే కూర్చుని చూశాడు. ఎవరూ నోరెత్తలేదు.

వీధి మలుపు దాకా వచ్చాక లుత్ఫ్‌కు వెలిగింది. తన కోసం లుత్ఫ్ కిటికీ తెరిచాడనుకున్నాడు ముసలాయన.

ఇంటికొచ్చి వద్దాహ్‌కు ఫోను చేసినప్పుడు అతని గొంతు ఎంత తగ్గిందంటే, అవతలివాడు రెండుసార్లు "అన్నా, లైన్లో ఉన్నావా?" అని అడగాల్సి వచ్చింది.

"పళ్ళెం ఏం చేశావు?"

"పళ్ళెమా? నేనేం చేయలేదన్నా. పాట ఉన్నదున్నట్టు పంపితే మీ ఊరి నెట్టు మోయలేదు. అందుకే మిషను కొంత పారేసి, మిగిలింది బిగించి మూట కడుతుంది. అదే కంప్రెషన్. ఎంత పారేయాలి, ఏది పారేయాలి అన్నది మనం చెప్పాలి. నేను బరువు బాగా తగ్గించాను. పాడేది ఒక్కరే కదా అని మాటల పద్ధతిలో పెట్టాను. పైన శుభ్రం చేసేదొకటి ఉంటుంది, అది కూడా..."

"ఏం శుభ్రం చేస్తుందది?"

"ఏముందన్నా. ఫోన్లో ఎవరో మాట్లాడుతుంటారు, వెనకాల వంటింట్లో గిన్నెల చప్పుడు వస్తుంది చూడు. గొంతు ఉంచేసి, అలాంటివి తీసేస్తుంది."

ఆ మాట లుత్ఫ్ ఇంతకుముందే విన్నాడు. వంటింట్లో గిన్నెలు. ఆనాటి అద్దం వెనక మనిషి ఆనాడే చచ్చిపోయాడనుకున్నాడు. చావలేదు. ఒక పెట్టెలో దూరి, దేశం దాటి, ఇప్పుడు మనిషి అవసరం కూడా లేకుండా చెయ్యి ఊపుతున్నాడు.

"వద్దాహ్, నీకు వినబడలేదా?"

"నిజం చెప్పనా అన్నా? నేను ఊదు అనే తంత్రీవాద్యం మీద పాడే పాటలు వింటూ పెరిగినవాణ్ణి. గొంతు బాగా వచ్చింది కదా అనుకున్నాను. కానీ ఒక మాట. ఈ వారం విన్నవాళ్ళు ఎన్నడూ లేనంత మంది. మెచ్చుకుంటూ రాశారు. పళ్ళెం లేదని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా రాయలేదు."

ఆ చివరి మాటే లుత్ఫ్‌ను కాల్చింది. కొరడా పట్టుకున్నవాడు పళ్ళేన్ని చంపలేకపోయాడు. వంక పెట్టినవాడు చంపలేకపోయాడు. ఇప్పుడు దాన్ని ప్రేమించేవాళ్ళ చెవుల్లోంచే తీసేస్తే, దోమ వెళ్ళిపోయినంత కూడా పట్టించుకోలేదు. ఏ గోడ గుద్దాలో తెలియని కోపం అది. గుద్దుదామంటే తన ఛాతీ కూడా ఆ గోడలో ఒక రాయే. "ఏం చేస్తావో నాకు తెలీదు" అన్నది తనే కదా.

"అన్నీ తీసెయ్" అన్నాడు. "శుభ్రాలు వద్దు, మూటలు వద్దు. పాట ఎలా ఉందో అలా పంపు."

"ఆగిపోతుందన్నా."

"ఆగనీ."

శనివారం ముతహ్హర్ రాలేదు. లుత్ఫ్ మైకు సర్ది, కిటికీలు బిగించి, మధ్యాహ్నపు జుహర్ నమాజు వేళ దాటేదాకా చూసి, తనే బయల్దేరి వెళ్ళాడు. పైగదిలో ముసలాయన కూర్చుని, కాఫీ పొట్టూ అల్లమూ వేసి కాచిన గిషర్ తాగుతున్నాడు. ఆయన పక్కన రాగి పళ్ళెంలో తేనె రొట్టె కోసం కలిపిన పిండి తడిగుడ్డ కింద పొంగుతోంది.

లుత్ఫ్ దాని వంకే చూశాడు. "ఇదేమిటి ఉస్తాద్?"

"పిండి. కోడలు పెద్ద పళ్ళెం కావాలంది. ఇచ్చాను. ఎందుకలా చూస్తావు, పళ్ళెంలో పిండి కలపడం పాపమా?"

"మీరివాళ రావాలి కదా."

"నా పని అయిపోయింది నాయనా. నువ్వే చెప్పావు, ఎంతో అందంగా చెప్పావు. కిటికీ తీస్తే పది మందికి తెలుస్తుంది. నువ్వు పదిమందికీ తెలియకుండా తీశావు. అల్లా నీకు మేలు చేయాలి."

"నేను తీయలేదు. మిషను తీసేసింది."

ముతహ్హర్ గిన్నె కింద పెట్టి చిన్నగా నవ్వాడు. "మిషనుకు చెవులున్నాయా? నా గొంతు ఇదీ, నా పళ్ళెం ఇదీ అని దానికెవరు చెప్పారు? మీ నాన్నా ఇంతే. అబద్ధమాడినా ఎదుటివాడి మనసు నొప్పించకుండా ఆడేవాడు. కూర్చో. గిషర్ తాగి వెళ్ళు."

లుత్ఫ్ తాగాడు. అల్లం గొంతులో మండింది. మీ చెయ్యికీ దీనికీ సంబంధం లేదని చెప్పాలంటే చెయ్యి సంగతి ఎత్తాలి. ఎత్తకుండా ఇంకేం చెప్పినా అబద్ధంలాగే వినబడుతుంది. గిన్నె కింద పెట్టి మెట్లు దిగాడు.

గురువారం పాట ఉన్నదున్నట్టు వెళ్ళింది. వెళ్ళిందనడం తప్పు. బయల్దేరింది. తఖియ్యా చెల్లెలు ఇబ్ కొండల మీది ఊళ్ళో ఉంటుంది. ఆమె ఫోన్లో గుండ్రం తిరగడమే గాని పాట రాలేదు. గమ్‌దాన్ మఫ్రజ్‌లో అయితే పళ్ళెం ఒక్కసారి ఖణేల్‌మని మోగి, ఆ మోత మీదే అంతా ఆగిపోయింది.

"వచ్చిందయ్యా నీ పళ్ళెం!" అని అరిచాడు గమ్‌దాన్. "పాట తినేసి వచ్చింది!"

ఇంట్లో తఖియ్యా ఇంకో రకంగా అంటించింది. "పోయినవారం పాట ఉంది, పళ్ళెం లేదు. ఈవారం పళ్ళెం ఉంది, పాట లేదు. వచ్చేవారం ఉత్త గుండ్రం తిప్పండి నశ్వాన్ నాన్నా, ఇద్దరికీ న్యాయం జరుగుతుంది."

"నువ్వు కూడానా?"

"నేను కాకపోతే మీకు చెప్పేదెవరు? మీ కోపం మా చెల్లెలికి చేరలేదు. పాట రాలేదని మాత్రం తనకు తెలిసింది. ఆ పిల్లాడితో మళ్ళీ మాట్లాడండి. ఈసారి కాస్త వినండి కూడా."

ఆ మాట గుచ్చుకుంది. కానీ ఫోను చేశాడు. ఈసారి తఖియ్యా పక్కనే కూర్చుంది. ఆమె ఫోన్లో అటువైపు చెల్లెలు. ఒక్కొక్క మీటా కదిపి చూశారు. శుభ్రం చేసేది పూర్తిగా పోయింది, దాని గురించి బేరం లేదన్నాడు లుత్ఫ్. మాటల పద్ధతి పోయి పాటల పద్ధతి వచ్చింది. పళ్ళెం తిరిగొచ్చింది కానీ ఎవరో నీళ్ళలో ముంచి వాయించినట్టు బుసబుసలాడింది.

"సన్నటి మోత కదన్నా" అన్నాడు వద్దాహ్. "బరువు సరిపోక నలిగిపోతోంది. అది నిలవాలంటే సెకనుకు పంపే బరువు పెంచాలి. పెంచితే మీ వాళ్ళకు తెగుతుంది. ఇంకెక్కడో ఒకచోట తగ్గించాలి మరి. కుడిచెవికొకటి ఎడమచెవికొకటి రెండు పాటలు పంపుతున్నాం. ఒకటి చాలదా?"

లుత్ఫ్ ఆలోచించాడు. పళ్ళెం ముతహ్హర్ ఛాతీ ముందే ఉంటుంది. గొంతూ అక్కడి నుంచే వస్తుంది. రెండూ ఒక్క మనిషి. "ఒకటి చాలు. మోనో చెయ్యి."

మిగిలిన బరువంతా ఆ ఒక్కదానికే దక్కింది. బుస తగ్గింది. చినుకులు చినుకుల్లా పడ్డాయి. ఇబ్ నుంచి చెల్లెలు, "అక్కా, వస్తోంది, వస్తోంది" అని, కాసేపటికి "పోయింది" అంది.

"ఇంక ఒక్కటే దారి" అన్నాడు వద్దాహ్. "పాట మొదలయ్యే ముందే ఫోనును చాలాసేపు పోగుచేసుకోనివ్వాలి. బఫర్ పెంచాలి. మొదలైతే ఇక ఆగదు. కానీ అంతసేపు గుండ్రం తిరిగితే జనం కూర్చోరన్నా. వెళ్ళిపోతారు. మెచ్చుకున్నవాళ్ళే తిడతారు."

"తిట్టనీ. ఆకు కడిగి, తుడిచి, దిండ్లు సర్దుకుని, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలడానికి మధ్యాహ్నమంతా తగలేస్తారు. పాట కోసం కాసేపు కూర్చోలేరా? కూర్చోలేనివాడికి వినిపించకపోతే పళ్ళేనికి నష్టం లేదు."

"వినేవాళ్ళు సగానికి పడిపోతారు."

"చెవులున్న సగం చాలు."

అవతల వద్దాహ్ నిట్టూర్చి, "సరే అన్నా" అన్నాడు. జీవితమంతా తను పలికిన మాట ఇంకొకరి నోట వినడం లుత్ఫ్‌కు కొత్తగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను పట్టుకుని ముతహ్హర్ ఇంటికి వెళ్ళాడు. ముసలాయన అడ్డంగా తలూపాడు. "వద్దు నాయనా. విన్నాను కదా."

"ఒక్కసారి."

"ఏదీ, ఇదా? ఇదేమిటి, తిరుగుతోంది. పాడుతుందా, తిరుగుతూనే ఉంటుందా?"

"పాడుతుంది. ఆగండి."

"నా పాట వినడానికి నేనే వాకిట్లో నిలబడాలన్నమాట. బాగుంది."

పాట మొదలైంది. గొంతుకన్నా ముందు పళ్ళెం వచ్చింది. పొడవైన అడుగు, పొట్టి అడుగు, మళ్ళీ పొడవైన అడుగు. ముతహ్హర్ కనుబొమలు లేచాయి. వంగి ఫోనుకు చెవి దగ్గరపెట్టాడు. ఒక చరణం, రెండు చరణాలు. పెదవులు లోపల్లోపల కదిలాయి. మూడో చరణంలో ముఖం మారింది.

"ఆపు."

లుత్ఫ్ ఆపాడు.

"ఏమిటది?"

"పళ్ళెం, ఉస్తాద్."

"పళ్ళెమని నాకూ తెలుసు. ఆ మూడో చరణంలో ఏమిటది? గాడిద మెట్లు దిగుతున్నట్టు?"

నెట్టు సరిగా లేదనవచ్చు. మైకు కదిలిందనవచ్చు. పోనిద్దురూ అనవచ్చు. ఆ ఊళ్ళో అలాంటి మాటలు చేతిరుమాలులా ఎప్పుడూ జేబులో ఉంటాయి. లుత్ఫ్ గొంతు తగ్గింది. ఎంత తగ్గినా ఈసారి ఆగలేదు.

"మీ చెయ్యి వణికింది."

గుమ్మం దగ్గర కప్పులు తీసుకెళ్తున్న కోడలు ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఎడమ చెయ్యి" అన్నాడు లుత్ఫ్. "ఉంగరం వేలూ, చిటికెన వేలూ. ఎండాకాలం నుంచీ వణుకుతున్నాయి. మొదటిసారి పళ్ళెం తీసేసింది మిషనే, నేను కాదు. అబద్ధమాడేవాణ్ణయితే ఇప్పుడు ఇది మీకు వినిపించను."

ముతహ్హర్ తన ఎడమ చేతిని పైకెత్తి, పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు. "ఎందరికి తెలుసు?"

"అందరికీ."

"గమ్‌దాన్‌కు?"

"తెలుసు."

"నీకు ఎండాకాలం నుంచీ తెలుసు!" ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆ గొంతు ఎవరూ శుభ్రం చేయాల్సిన అవసరం లేని గొంతు. వీధిలోకి వినబడింది. "సిగ్గులేని మనుషులు! కిటికీలు తెరుస్తారు గానీ నోళ్ళు తెరవరు! మా గురువుకు పక్షవాతమొచ్చి సగం చెయ్యి పోతే, శిష్యులం మొహం మీదే చెప్పాం. తిట్టాడు. తిట్టి, ఉన్న వేళ్ళకు తగ్గట్టు దరువంతా మార్చుకుని చచ్చేదాకా వాయించాడు. రెండు వేళ్ళు పోతే ఆరున్నాయి కదా! ఎవడైనా ఒక్కమాట చెప్పి ఉంటే ఈపాటికి నేను మార్చుకుని ఉండేవాణ్ణి కాదా? నన్ను గౌరవించారా మీరు? బతికుండగానే కప్పెట్టారు!"

లుత్ఫ్ తల వంచుకుని అంతా విన్నాడు. అందులో ఒక్క మాట కూడా కాదనదగ్గది కనబడలేదు.

ఊపిరి తీసుకున్నాక ముతహ్హర్, "ఆ తప్పుడు పాట మళ్ళీ పంపకు" అన్నాడు. "ఆరు వేళ్ళతో కుదిరాక వేరేది ఇస్తాను."

"ఇవ్వండి. అప్పటిదాకా ఇదే పంపుతాను."

"నేను వద్దంటున్నాను!"

"విన్నాను. పళ్ళెం లేకపోయినా ఎవడికీ తెలియలేదు ఉస్తాద్. వణికే పళ్ళెమైనా సరే, వాళ్ళ చెవుల్లో పడాలి."

ముసలాయన అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మొండి వెధవా" అన్నాడు. తర్వాత, "అయితే పాటకు ముందు నేను చెప్పానని చెప్పు. ఇందులో ఒకచోట ముతహ్హర్ చెయ్యి తప్పింది. ఎక్కడో పట్టుకున్నవాడు ఇంటికొచ్చి నా మొహం మీద చెప్పాలి. చెప్పలేనివాడు వినక్కర్లేదు."

గురువారం లుత్ఫ్ ఆ మాటలే చదివి పాట పెట్టాడు. వద్దాహ్ అన్నట్టే సగానికి సగం మంది గుండ్రం తిరుగుతుండగానే వెళ్ళిపోయారు. కొందరు తిడుతూ రాశారు. ఆ రోజు ముతహ్హర్ ఇంటికి ఎవరూ రాలేదు. శుక్రవారం నమాజు అయ్యాక లుత్ఫ్ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ముతహ్హర్ బొటనవేళ్ళ మీద పళ్ళెం నిలిపి, ఆరు వేళ్ళతో కుంటి అడుగును అటూ ఇటూ మార్చి చూస్తూ, కుదరనప్పుడల్లా గమ్‌దాన్ పూర్వీకులను తిడుతున్నాడు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఆయాసం వినబడింది. గమ్‌దాన్ గుమ్మంలో నిలబడ్డాడు. ఇంత దూరం నడిచి వచ్చిన మనిషి లోపలికి అడుగు పెట్టలేక చెప్పులు విప్పడంలోనే ఆలస్యం చేస్తున్నాడు.

"ఎందుకొచ్చావు?" అన్నాడు ముతహ్హర్.

"మూడో చరణం" అన్నాడు గమ్‌దాన్. చెమట తుడుచుకున్నాడు. ముసలాయన ముఖం చూసి వెనక్కి తిరగబోయి, మళ్ళీ ఇటు తిరిగాడు. "కోపం చేసుకోకపోతే ఇంకోటి... నాలుగో దాంట్లో కూడా ఉంది."

"నాలుగో దాంట్లోనా? నాలుగో దాంట్లో ఏముందిరా?"

"చివర్లో. 'వెన్నెల' అని సాగదీసే చోట. పళ్ళెం ఒక అడుగు ముందే వచ్చేసింది."

ముతహ్హర్ లుత్ఫ్ వైపు తిరిగాడు. లుత్ఫ్ ఆ తప్పు పట్టుకోలేదు. మైకు పక్కన కూర్చుని కూడా పట్టుకోలేదు.

"కూర్చో" అన్నాడు ముతహ్హర్ గమ్‌దాన్‌తో, పళ్ళెం మళ్ళీ వేళ్ళకెత్తుకుంటూ. "ఎక్కడో పాడి చూపించు. నీ గొంతు ఎంత ఘోరంగా ఉంటుందో నాకు తెలుసు, సిగ్గుపడకు."